లింగయ్య ముప్పై నిమిషాలు

లింగయ్యకు లోకంలో సగం వస్తువులంటే అసహ్యం. మిగతా సగం అతని కంటపడలేదు కాబట్టి బతికిపోయాయి. సిటీ బస్సు ఎక్కితే సీటు మీద కూర్చోడు, అంతకుముందు ఎవరెవరు కూర్చున్నారో అని. పెళ్లి విందులో గరిటె పట్టుకోవాలంటే దానికి ముందు కాగితం చుడతాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఒకసారి ముక్కుకు చూపిస్తాడు. ముప్పై ఏళ్ల కాపురంలో చంద్రకళ వండిన కూర వాసన చూడకుండా తిన్నది లేదు, తిన్నాక బాగుందని చెప్పిందీ లేదు.

జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, లారీ క్లీనరుగా మొదలై, దుబాయిలో ఒకే గదిలో పన్నెండు మందితో తొమ్మిదేళ్లు పడుకుని, చివరికి కెనడాలోని బ్రాంప్టన్ చేరాడు. ఆ పన్నెండు మంది గదే తన మొగుణ్ని ఇట్లా చేసిందని చంద్రకళ అంటుంది. ఇప్పుడతనికి యాభై ఏడు. కిరాణా సరుకులు మోసే పెద్ద ట్రక్కు నడుపుతాడు. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వచ్చేస్తాడు. అతని ట్రక్కు క్యాబిన్ పూజగదిలా ఉంటుందని డిపోలో నవ్వుకుంటారు. ఒకసారి ఎవరో డ్రైవరు అందులో కూర్చుని సమోసా తిన్నాడని అతనితో వారం రోజులు మాట్లాడలేదు.

అలాంటి మనిషి చేతికి దేవుడు ఏరికోరి ఒక కుక్కను అప్పగించాడు. కుక్క కూతురు వర్షది. నార్త్ యార్క్‌లో ఆమె కొత్తగా దిగిన కాండో బిల్డింగులో కుక్కలు వద్దన్నారు. “టూ మంత్స్ ఓన్లీ, డాడ్,” అని బ్రతిమాలి, కుక్కనూ దాని పరుపునూ తెచ్చి ఈ ఇంట్లో వదిలి వెళ్లింది. పేరు మఫిన్. జానెడు కాళ్లు, బారెడు ఒళ్లు, నడుస్తుంటే నేలను ఊడ్చే చెవులు, రెండు పెదవుల మూలల నుంచీ ఎప్పుడూ వేలాడే చొంగ. లింగయ్య దాన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. “ఇది” అనేవాడు. మరీ కోపమొస్తే “నీ బిడ్డ తెచ్చిన దరిద్రం” అనేవాడు, ఆ బిడ్డ తనకేమీ కానట్టు.

జనవరిలో మెడికల్ గొడవ వచ్చింది. పెద్ద బండ్లు నడిపేవాళ్లు ఆ వయసులో మూడేళ్లకోసారి డాక్టరుతో ఫారం నింపించి ఇవ్వాలి. ఇవ్వకపోతే లైసెన్సు ఉండదు, లైసెన్సు లేకపోతే లింగయ్య లేడు. అతనికి వచ్చిన పని అదొక్కటే. ఫ్యామిలీ డాక్టరు పంజాబీ ఆవిడ, ఇద్దరూ హిందీలో మాట్లాడుకుంటారు. ఆవిడ రక్తపరీక్ష కాగితం చూసి తల అడ్డంగా ఊపింది.

“షుగరు మూడు నెలల సగటు తొమ్మిదిన్నర ఉంది, లింగయ్యగారూ. ఇలా ఉంటే నేను సంతకం పెట్టలేను. ఏప్రిల్ చివరికి ఎనిమిది లోపుకి తెండి. మందు పెంచుతాను. మీరు మాత్రం రోజూ ముప్పై నిమిషాలు ఆగకుండా నడవాలి. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. అంత వేగం ఉండాలి.”

లింగయ్య సరేనన్నాడు. అప్పుడావిడ, “బూట్లూ సాక్సులూ విప్పి, కాళ్లు ఇలా ఈ బల్ల మీద పెట్టండి, చూస్తాను,” అంది. లింగయ్య ఉలిక్కిపడ్డాడు. డాక్టరంటే ప్రాణం పోసే మనిషి, పైగా ఆడకూతురు. ఆవిడ మొహానికెదురుగా కాళ్లు చాపడమా? ఊళ్లో అయితే పెద్దవాళ్ల ముందు కాలు మీద కాలు వేసుకున్నందుకే వీపు పగిలేది. “కాళ్లకేం కాలేదు మేడమ్. ఇంట్లో రోజూ చూసుకుంటాను,” అని అబద్ధమాడి, కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. నిజానికి రెండేళ్లుగా అతని పాదాలకు దూది చుట్టినట్టుండేది. ఈ దేశపు చలికి అంతేలే అనుకునేవాడు. ఆవిడ, రోజూ రెండు పూటలా చూసుకోండని మరీ మరీ చెప్పి పంపింది.

తనకు ముప్పై నిమిషాల నడక కావాలి. కుక్కను ముప్పై నిమిషాలు బయట తిప్పాలి. స్వామికార్యమూ స్వకార్యమూ ఒక్క దెబ్బతో తీరతాయని లింగయ్య సంబరపడ్డాడు. ఆ సంబరం మొదటి కరెంటు స్తంభం దాకానే నడిచింది.

మఫిన్ ఆ స్తంభం దగ్గర ఆగింది. వాసన చూసింది. ఒక పక్క అయ్యాక రెండో పక్క చూసింది. అక్కడినుంచి చెత్తడబ్బా, డబ్బా తర్వాత మంచు కుప్ప, కుప్ప తర్వాత మళ్లీ వెనక్కి స్తంభం. వర్ష కొనిచ్చిన గడియారం లింగయ్య మణికట్టు మీద గజ్జికురుపులా చురచురమంటూ, మీరు ఆగిపోయారని హెచ్చరించేది. అతని గుండె కాస్త వేగం అందుకునేలోపే కుక్క ముక్కు నేలకు అంటుకునేది. ఆ రోజు ముప్పై నిమిషాల్లో ఇద్దరూ కలిసి రెండో వీధి మలుపు దాకా వెళ్లారు.

పోనీ అది చూసే వాసనలేమైనా మంచివా? మంచు మీద ఏ కుక్కో వదిలిన పసుపు మరక కనబడితే చాలు, పెళ్లి భోజనానికి పిలిచినట్టు పరిగెత్తేది. ముక్కు పెట్టేది. ఒక్కోసారి నాలుక కూడా పెట్టేది. ఆ నాలుకతోనే ఇంటికొచ్చి చంద్రకళ చెయ్యి నాకుతుంది, ఆ చేత్తోనే ఆమె పిండి కలుపుతుంది. ఇంత ఆలోచించాక చపాతీ గొంతు దిగుతుందా? అసలు ఘట్టం మరొకటుంది. మఫిన్ నడుం వంచి కూర్చున్నాక, లింగయ్య ఆకుపచ్చ ప్లాస్టిక్ సంచీలో చెయ్యి దూర్చి, మొహం అటు తిప్పుకుని, అది చేసినదాన్ని ఎత్తాలి. మైనస్ పన్నెండు చలిలో లోకంలో వెచ్చగా ఉన్నది అదొక్కటే. ఆ వెచ్చదనం పలచటి సంచీలోంచి అరచేతికి తగిలినప్పుడల్లా అతనికి జన్మ మీద విరక్తి పుట్టేది.

“మా ఊళ్లె కుక్కలు వాటి పని అవ్వే చూస్కుంటయి. ఈడ మనిషి దాని ఎన్కవడి ఎత్తాలెనట. ఎవడు కనిపెట్టిండే ఈ సంబడం?” అని ఇంటికొచ్చి చంద్రకళ మీద అరిచేవాడు. ఆమె ఊ కొట్టేది. ఆ ఇంట్లో ఆమెకున్న ఆయుధం అదొక్కటే.

వారం గడిచినా లెక్క కుదరలేదు. మెడకు కట్టిన లీష్ తాడు పట్టి లాగితే మఫిన్ నాలుగు కాళ్లూ చాపి రోడ్డు మీద బోర్లా పడుకునేది. సరే, అది వాసన చూస్తున్నంతసేపూ తాను దాని చుట్టూ గిరగిరా తిరుగుదామని లింగయ్య ఉపాయం పన్నాడు. స్తంభం, కుక్క మధ్యలో, చుట్టూ టోపీ పెట్టుకున్న బొజ్జ మనిషి ప్రదక్షిణం. మూడో రోజు ఎదురింటి ముసలావిడ తలుపు తీసి, దారి తప్పారా, ఎవరినైనా పిలవనా అని జాలిగా అడిగింది. లింగయ్యకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఫోన్లో వర్ష మీద విరుచుకుపడితే ఆమె చల్లగా, “ఇట్స్ హిస్ వాక్, డాడ్. నాట్ యువర్స్,” అంది. అది వాడి నడక, నీది కాదట. కన్నందుకు ఇన్ని మాటలు పడాలా అని లింగయ్య ఫోను సోఫాలోకి విసిరాడు.

కానీ ఆ మాటలోనే దారి దొరికింది. వాడి నడక వాడికి, తన నడక తనకు. రెండున్నరకు మఫిన్‌ను బయటికి తీసుకెళ్లి, పదిహేను నిమిషాలు దాని ఇష్టానికి వదిలేసేవాడు. ఇంటికి తెచ్చి దాని కాళ్లు కడిగేవాడు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కుక్క కాళ్లను కొరికేస్తుందని వర్ష చెప్పింది. చంద్రకళ కడిగితే లింగయ్యకు నమ్మకం లేదు, అందుకే తనే టబ్బు అంచున కూర్చుని, గోరువెచ్చటి నీళ్లతో ఒక్కొక్క వేలి సందూ తోమి, తుడిచి, వెలుతురులో పెట్టి చూసేవాడు. తర్వాత తాను ఒక్కడే మళ్లీ బయటికి వెళ్లి ముప్పై నిమిషాలు, ఆగకుండా, దండు కదిలినట్టు నడిచేవాడు. చలికి రెండు జతల సాక్సులు, వాటి మీద కొత్త బూట్లు. బూట్లు బిగుతుగా ఉంటే కాలు కదలకుండా పట్టి ఉంటుందని అతని సిద్ధాంతం. ఊళ్లో ఉన్నప్పుడు బయటినుంచి వస్తే గడప దగ్గర బకెట్టు నీళ్లతో కాళ్లు కడుక్కోనిదే లోపలికి అడుగు పెట్టేవాడు కాడు. ఇక్కడ గడప దగ్గర నీళ్లు పోస్తే గడ్డ కడతాయి. ఆ అలవాటు ఎప్పుడో జారిపోయింది. బయటి సాక్సులు విప్పి ఇంటి సాక్సులు, స్నానం చేశాక మళ్లీ సాక్సులు, పడుకునేటప్పుడూ సాక్సులే. బొజ్జకు అవతల ఉన్న అరికాళ్లను అతను చూసి ఎన్నేళ్లయిందో అతనికే తెలియదు.

నడక మాత్రం ఫలించింది. బొజ్జ రెండు అంగుళాలు దిగింది. వేలు గుచ్చి చూసుకునే షుగరు రోజురోజుకూ తగ్గింది. ముప్పై నిమిషాలు నలభై అయ్యాయి. డిపోలో కనబడ్డవాడినల్లా పట్టుకుని, పాట పాడబోతే ఊపిరి అందకూడదు తెలుసా అని పాఠం చెప్పేవాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఇంట్లో వాసన మొదలైంది. తియ్యగా, కుళ్లుగా, మూతపెట్టి మరిచిపోయిన మాంసం గిన్నెలా ఉండేది. లింగయ్య సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే గుప్పుమనేది. మఫిన్ అతని కాళ్ల దగ్గరే పడుకుని ఉండేది, ఇంక సాక్ష్యం దేనికి? “చూడు, ఎట్ల కంపు కొడ్తున్నదో! చచ్చిందాన్ని తిన్నట్టున్నది,” అన్నాడు. చంద్రకళ కుక్క వైపు చూసి, అతని వైపు చూసి, “అవు, వస్తున్నది,” అంది. ఆదివారం వచ్చిన వర్ష కూడా ముక్కు ఎగబీల్చి ఏదో అనబోయి, తల్లి మొహం చూసి, కుక్కకు స్నానం చేయిస్తానంది.

వారంలో మూడుసార్లు స్నానం చేయించారు. దాని పరుపు చెత్తలో పారేశారు. లింగయ్య కార్పెట్ మీద సోడాపొడి చల్లి, అరగంట కూర్చుని, మిషనుతో లాగాడు. వాసన పోలేదు. మెల్లగా ట్రక్కు క్యాబిన్‌లోకి కూడా వచ్చింది. కుక్క ఏనాడూ ట్రక్కు ఎక్కలేదు. కంపు తన బట్టలకు పట్టి అక్కడిదాకా వచ్చిందని లింగయ్య తేల్చేసి, రెండు జతల ప్యాంట్లు పారేశాడు. కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళితే అతను చెవులు, పళ్లు, తోక కింద అన్నీ చూసి, మీ కుక్క శుభ్రంగా ఉందన్నాడు. వాడి ముక్కు చచ్చిపోయింది, రోజంతా కుక్కల మధ్యనే ఉంటాడుగా అని లింగయ్య దారి పొడవునా తిట్టాడు.

పైగా మఫిన్‌కు కొత్త రోగం పట్టింది. నడకకు వెళ్తే స్తంభాలు మానేసి, రెండడుగులకోసారి వెనక్కి తిరిగి లింగయ్య కుడి బూటు వాసన చూసేది. చొంగంతా బూటుకు పూసేది. “థూ, అవతలికి నడువ్!” అని అతను కాలితో దాన్ని పక్కకు నెట్టేవాడు. పదిహేను నిమిషాల కుక్క నడక ఇప్పుడు పది అడుగులు కూడా సాగేది కాదు. ఇక లాభం లేదనుకున్నాడు.

ఇరవై మూడో తారీఖు శుక్రవారం రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఏడు పాయింట్ ఆరు. డాక్టరమ్మ ఫోనులో అభినందించి, మంగళవారం రండి, పరీక్ష చేసి ఫారం మీద సంతకం పెడతానంది. లింగయ్య ఇంట్లోనే రెండు చిందులు వేశాడు. తర్వాత వర్షకు ఫోన్ చేసి, ఆదివారం సాయంత్రానికల్లా కుక్క ఈ ఇంట్లో ఉండకూడదు, ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టమన్నాడు. వర్ష ఏడ్చింది, స్నేహితురాలి ఇంట్లో చోటు వెతుక్కుంది, వచ్చి తీసుకెళ్లింది. కారెక్కుతూ మఫిన్ ఒకసారి వెనక్కి చూసిందో లేదో లింగయ్యకు తెలియదు. అతను అప్పటికే లోపల తలుపులూ కిటికీలూ బార్లా తెరుస్తున్నాడు.

సోమవారం సెలవు పెట్టుకున్నాడు. పొద్దున్నే హాయిగా టీ కప్పుతో సోఫాలో కూర్చున్నాడు. కప్పు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. వాసన అక్కడే ఉంది.

లింగయ్య లేచి సోఫా జరిపాడు. దిండ్ల గలీబులు ఊడదీశాడు. వంటింటి సింకు కింద తల పెట్టి చూశాడు, అక్కడ ఏమీ లేదు. బాత్రూములో చూశాడు. అతను ఎక్కడికి వెళితే వాసన అక్కడికి వచ్చింది. వంటింట్లో ఉన్న చంద్రకళ పని ఆపి అతన్నే చూస్తోంది. లింగయ్య చొక్కా చంక వాసన చూసుకున్నాడు. తర్వాత, చాలాసేపు నిలబడి, కుర్చీలో కూర్చుని, కుడికాలు ఎడమ మోకాలి మీదికి లాక్కుని సాక్సు పట్టుకున్నాడు.

సాక్సు ఊడలేదు. అరికాలికి అతుక్కుపోయింది. గట్టిగా లాగితే ఏదో చినిగినట్టయి వచ్చింది, నొప్పి మాత్రం లేదు. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత గుంట. చుట్టూ తెల్లగా నానిన తోలు, లోపల నలుపు, ఆ నలుపులోంచి చీము. బొటనవేలు వంకాయ రంగులో ఉబ్బి ఉంది. లింగయ్యకు భళ్లున వాంతయింది. ఎన్నడూ ఒక మెతుకు కింద పడనివ్వని కార్పెట్ మీదే కక్కుకున్నాడు. అంత వాంతి వస్తున్నా ఆ పుండు వైపు నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు, ఎందుకంటే అది తనది. మొహం తిప్పుకుని సంచీలో ఎత్తి పారేయడానికి వీలు లేదు.

చంద్రకళ వచ్చి నేల మీద కూర్చుంది. ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని తన ఒడిలో పెట్టుకుంది. ఆమె ముక్కు మూసుకోలేదు.

“కాలు తియ్యే, నీకు అంటుతది,” అన్నాడు లింగయ్య, ఎప్పటి కంగుమనే గొంతుతో కాదు, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

“ఊకో. దవాఖాన్లకు పోదాం,” అంది ఆమె.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటోలు తీసి, కుళ్లు ఎముకకు ఎక్కిందన్నారు. బొటనవేలు తీసేశారు. షుగరు వల్ల నరాలు మొద్దుబారి పుండు నొప్పి తెలియలేదనీ, బిగుతు బూట్లతో రోజూ నడవడంతో అది లోపలికి తొలుచుకుపోయిందనీ చెప్పారు. ఇంట్లో ఎవరికీ వాసన రాలేదా అని కోతపెట్టిన డాక్టరు అడిగాడు. కుక్క దగ్గర వస్తోందనుకున్నామని లింగయ్య తలొంచుకుని చెప్పాడు. పది రోజుల ముందు వచ్చి ఉంటే వేలు దక్కేదని ఆ డాక్టరు అన్నాడు. చంద్రకళ గోడ వైపు తిరిగి నిలబడింది. యాక్సిలరేటరు తొక్కే కాలు కాబట్టి ఫారం మీద సంతకం ఆగిపోయింది. పుండు మానాలి, కాలికి బలం రావాలి, అప్పుడు మళ్లీ చూద్దామన్నారు. నెలలు పట్టవచ్చు, అసలు కుదరకపోవచ్చు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం చంద్రకళ కట్టు మారుస్తోంది. లింగయ్య కాలు స్టూలు మీద ఉంది. ఆమె పాత గుడ్డ తీసి, మందు నీళ్లతో తుడిచి, కొత్త కట్టు మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అంది.

“నాకు తెల్సు.”

“ఏంది?”

“వాసన కుక్కది గాదని. నీ సాక్సులు పిండెటప్పుడు జిగురు చూసిన. బొబ్బ పలిగిందేమో అనుకున్న. నీకు తెల్వకుంట బూట్లల్ల పౌడరు పోసిన. వర్ష గూడ ఆ ఐతారమే అన్నది, మమ్మీ, ఇట్స్ డాడ్ అని. మీ నాయన ముంగట అనకు, ఇల్లు లేస్తదని నేనే నోరు మూయించిన. ఇంత దూరం పోతదనుకోలే.”

లింగయ్యకు కోపం కడుపులోంచి గొంతు దాకా వచ్చింది. ముప్పై ఏళ్లుగా అలవాటైన దారే అది. నోరు తెరిచాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో అతనికి బాగా తెలుసు. నా కాళ్లు కంపా, నీ బిడ్డ కుక్కను నెత్తిన పెట్టుకుని నన్నంటావా అని గిన్నెలు ఎగిరేవి. సాక్సు మాత్రం విప్పేవాడు కాడు.

“నేనంటె అంత భయమానే?” అన్నాడు చివరికి.

చంద్రకళ కట్టు చివర మడిచి టేపు అంటించింది.

“నాకు చెప్పనియి ఇంకేమన్న ఉన్నయా?”

ఆమె చేతులు ఆగాయి. కత్తెర పక్కన పెట్టింది. మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

“ఉన్నయి,” అంది.

లింగయ్య కాలు దించుకోలేదు. స్టూలు పక్కనున్న కుర్చీని చేత్తో ఆమె వైపు జరిపాడు.

“కూసో. చెప్పు,” అన్నాడు.